తాత నిర్మించిన సినిమాలు, మనవడు తీసిన డాక్యుమెంటరీ: ‘గోల్డెన్ స్లంబర్స్’ చూసినవాళ్లు ఉన్నారా?

గోదారిగట్టు:

డేవీ చూ 2011లో తీసిన ‘గోల్డెన్ స్లంబర్స్’ మీద మన దగ్గర ఒక్క థ్రెడ్డూ లేదు. పాత సినిమాలంటే ఇంత ప్రాణం పెట్టేవాళ్లు ఉన్నచోట ఉండాల్సిన చర్చ ఇది. అందుకే మొదలుపెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. కంబోడియాలో 1960 నుంచి 1975 దాకా దాదాపు 400 సినిమాలు తీశారు. జానపదాలు, నాగుల కథలు, దెయ్యాల కథలు, కన్నీళ్లు పెట్టించే ప్రేమకథలు. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు సేనలు రాజధాని నోమ్ పెన్‌లోకి వచ్చాయి. వచ్చీరాగానే ఊరు మొత్తాన్ని ఖాళీ చేయించి జనాన్ని పల్లెలకు, పొలం పనులకు తోలేశాయి. 1979 జనవరి దాకా సాగిన ఆ పాలనలో నటులు, గాయకులు, దర్శకులు చాలామంది పోయారు. ఆ 400 సినిమాల్లో ఇప్పుడు మిగిలినవి సుమారు 30.

అప్పట్లో అక్కడ పేరున్న నిర్మాత వాన్ చాన్. ఆయన మనవడు డేవీ చూ 1983లో ఫ్రాన్సులో పుట్టాడు. తాతను ఎన్నడూ చూడలేదు. పాతికేళ్ల వయసులో నోమ్ పెన్ వెళ్లి, 2009లో అక్కడి కుర్రవాళ్లను కూడగట్టి ఆ పాత సినిమాల మీద ఒక ప్రదర్శన పెట్టాడు. తర్వాత ఈ డాక్యుమెంటరీ తీశాడు.

మిగిలిన కొద్ది సినిమాల ముక్కల్నైనా అతను సినిమా పొడుగునా దాచిపెట్టాడు. పోస్టర్లు చూపిస్తాడు, పాటలు వినిపిస్తాడు, మనుషుల చేత మాట్లాడిస్తాడు. దర్శకుడు లీ బున్ యీమ్ తన పోయిన సినిమా కథను చేతులూపుతూ, గొంతు మారుస్తూ చెబుతుంటే నేను కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నాను. కదిలే పాత బొమ్మ మన కంటపడేది చివర్లోనే, అది కూడా ఒట్టి ఇటుక గోడ మీద.

నా మటుకు నాకు అదే ఈ సినిమా గొప్పతనం. మీరేమంటారు?

నేలటికెట్టు:

సినిమా చూశాను. చివర నాకూ కళ్లు చెమర్చాయి. అయినా మీతో ఏకీభవించలేను, గోదారిగట్టు గారూ.

30 సినిమాలు ఉన్నాయని మీరే అంటున్నారు. ఆ తారలెవరో, ఆ మాయలు మంత్రాలు ఎలా తీశారో మనలాంటి వాళ్లకు ఏం తెలుసు? కంబోడియా వాళ్లకైతే పాట వినగానే బొమ్మ గుర్తొస్తుంది. నాకు గుర్తు రావడానికి ఏముంది? పోయినవాటికి దుఃఖపడమంటున్నప్పుడు, పోయినదేంటో కాస్త ముందే చూపించాలి కదా.

రెండో మాట. తాత కథ అని కూర్చుంటే తాత ఏడీ? ఇతర దర్శకుల ఇళ్లకు వెళ్తాడు, వాళ్ల గోడల మీది ఫొటోలు చూస్తాడు. వాన్ చాన్ ఎలాంటి మనిషి, డబ్బు ఎక్కడ తెచ్చాడు, ఏ కథ ఎందుకు ఎంచుకున్నాడు, సెట్టు మీద కోపిష్టా, నెమ్మదా, ఏమీ తెలీదు. సొంత మనవడికి ఆ అడిగే హక్కు అందరికన్నా ఎక్కువ ఉంది. దాన్ని వాడుకోలేదనే నా బాధ.

మెకాంగ్ తెలుగు:

ఉద్యోగరీత్యా నోమ్ పెన్‌లో ఉంటున్నాను. ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను.

సినిమాలు పోయినా పాటలు పోలేదు. అది ఇక్కడుంటే గానీ అర్థం కాదు. పేరున్న గాయకులు సిన్ సిసమూత్, రోస్ సెరీ సోతియా ఇద్దరూ ఖ్మేర్ రూజ్ కాలంలోనే పోయారు. వాళ్ల గొంతులు మాత్రం పెళ్లి పందిళ్లలో, టీ కొట్లలో ఇప్పటికీ వినిపిస్తాయి. ఆ పాటల్లో చాలా భాగం సినిమాల కోసం పాడినవే. పాట నోటికొచ్చు, ఆ పాట ఉన్న సినిమా ఎవరూ చూడలేరు. మన ఘంటసాల, లీల పాటలన్నీ మిగిలి, వాటి సినిమాలు ఒక్కటీ లేకుండా పోయాయనుకోండి. ఒక్క క్షణం అలా ఊహించుకుంటే డేవీ చూ ఎందుకు పాటతో కథ నడిపాడో తెలుస్తుంది.

హెమాక్చీట్ అనే పాత సినిమా హాలు ఉంది కదా అందులో. ప్రేక్షకులు కూర్చున్న చోట పేద కుటుంబాలు కాపురం పెట్టుకుని ఉంటాయి. మసక వెలుతురులో వంటలు, పిల్లలు, ఆరేసిన బట్టలు. ఆ దృశ్యం ముందు పాత సినిమా క్లిప్పు ఏది పెట్టినా తేలిపోయేది.

ఇంకొకటి. పాత సినిమాల పేర్లు ఒకరికొకరు గుర్తుచేసుకునే ఇద్దరు అభిమానులు ఉంటారు. వాళ్లలో ఒకాయన, ఇంట్లోవాళ్ల ముఖాలు మసకబారాయి గానీ తారల ముఖాలు మాత్రం స్పష్టంగా గుర్తున్నాయని చెబుతాడు. పోయినదేంటో చూపించలేదని నేలటికెట్టు గారన్నారు. నాకు ఆయన మాటలో కనపడింది.

పాటలపుస్తకం:

మెకాంగ్ తెలుగు గారు ఊహించుకోమన్నది మనకు కొంతవరకు జరిగిందే.

మన మొదటి సినిమాలు ఏవి ఉన్నాయి చెప్పండి? మచిలీపట్నం మనిషి రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుతూ, 1910లో బొమ్మతో పాటు శబ్దం వినిపించే క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించి ఊరూరా బొమ్మలాడించాడు. 1914లో మౌంట్ రోడ్డు మీద గెయిటీ హాలు కట్టాడు. కొడుకు ప్రకాశ్‌ను ఈ పని నేర్చుకు రమ్మని విదేశాలకు పంపాడు. ఆ కొడుకు తిరిగొచ్చి 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశాడు. దాని ప్రింటు లేదు. తండ్రి ఆస్తి కరిగించి, కొడుకు ప్రాణం పెట్టి తీసిన మూకీలు ఇప్పుడు పుస్తకాల్లో పేర్లుగా మిగిలాయి.

టాకీల సంగతీ అంతే. హెచ్.ఎం. రెడ్డి 1931లో తీసిన ‘కాళిదాస్’ లేదు. ఆయనే తీసిన ‘భక్త ప్రహ్లాద’ లేదు. సురభి కమలాబాయి లీలావతిగా ఎలా చేసిందో, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడుగా ఎలా గర్జించాడో, మొద్దు శిష్యుడి వేషంలో కుర్ర ఎల్.వి. ప్రసాద్ ఎలా ఉన్నాడో మనం చూడలేం. చూడ్డం అటుంచి, ఎప్పుడు విడుదలైందో కూడా ఏళ్ల తరబడి తప్పు చెప్పుకున్నాం. 1931 సెప్టెంబర్ 15 అని పండగలు చేసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ సెన్సారు వివరాలు, నాటి పత్రికలు తిరగేసి 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. సినిమా చేతిలో లేకపోతే దాని పుట్టినరోజు కూడా మన చేతిలో ఉండదు.

మనకు ఖ్మేర్ రూజ్ లేదు, యుద్ధం లేదు, నగరం ఖాళీ చేయించినవాడు లేడు. మనమే పోగొట్టుకున్నాం. నాకు ఇది ఎక్కువ నొప్పి.

నేలటికెట్టు:

“మనమే పోగొట్టుకున్నాం” అన్నారు. ఎవరం? వేడి, తేమ, ఇట్టే అంటుకునే పాతకాలపు నైట్రేటు ఫిల్ము, ఇవేమీ లేవా?

బయోస్కోప్:

వేడీ తేమా ఉన్నాయి. వాటితో పాటు ఇంటివాళ్లూ ఉన్నారు. ఈ థ్రెడ్డు బంధువుల గురించి కాబట్టి ఆ వైపు నాలుగు సంగతులు రాస్తాను.

మన దేశపు మొదటి టాకీ ‘ఆలం ఆరా’ (1931). పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌ను నిలబెట్టిన పి.కె. నాయర్ దాని కోసం అర్దేషిర్ ఇరానీ దగ్గరికి వెళ్లారు. రీళ్లు ఎక్కడో పడి ఉంటాయని పెద్దాయన అన్నాడట. ఆయన కొడుకు నాయర్‌ను పక్కకు పిలిచి, వెండి తీయించి తానే ఎప్పుడో వదిలించుకున్నానని చెప్పాడట. తండ్రికి ఆ సంగతి తెలియదు. నాయర్ స్వయంగా చెప్పుకున్న విషయమిది. ఫిల్ము మీద బొమ్మ నిలిచే పూత, అంటే ఎమల్షన్‌లో ఉండే వెండి కోసం కరిగిపోయిన మన సినిమాలకు లెక్కలేదు.

మలయాళంలో జె.సి. డేనియల్ తీసిన ‘విగతకుమారన్’ వాళ్ల మొదటి సినిమా. ఆస్తంతా పెట్టి తీశాడు. చిన్నప్పుడు ఆ రీళ్లతో ఆడుకుంటూ తగలబెట్టింది తానేనని ఆయన కొడుకు పెద్దయ్యాక చెప్పాడు. పసివాడు, వాడికేం తెలుసు.

ఇప్పుడు రెండో వైపు. ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ 1896 నుంచి 500 పైచిలుకు చిత్రాలు తీశాడు. అప్పులపాలై, 1923లో పారిస్ పక్కన మోంత్రోయ్‌లోని స్టూడియో చేజారిపోతుంటే తన నెగటివ్‌లు తానే తగలబెట్టుకున్నాడు. ఆయన దగ్గరే పెరిగిన మనవరాలు మదెలైన్ తర్వాత జీవితమంతా దేశదేశాల్లో ఆ చిత్రాల కాపీలు వెతకడానికే పెట్టింది. ఇవాళ వాటిలో 200 దాకా దొరుకుతున్నాయంటే ఆవిడ పట్టుదల పాలు చాలా ఉంది. 1952లో జార్జ్ ఫ్రాంజు మెలియెస్ మీద చిన్న డాక్యుమెంటరీ తీసినప్పుడు మెలియెస్ వేషం ఎవరు వేశారనుకున్నారు? ఆయన కొడుకు ఆంద్రే. మెలియెస్ భార్య జెహాన్ దాల్సీ తన పాత్రలో తానే కనిపించింది. కొడుకు తండ్రిలా నడుస్తుంటే పక్కన ఆ ముసలావిడ. చూసినప్పుడల్లా గుండె పట్టేస్తుంది.

మదెలైన్‌కు వెతకడానికి రీళ్లు ఉన్నాయి, ఎక్కడో ఒకచోట. డేవీ చూకు అవీ లేవు. అందుకని మనుషుల్ని వెతికాడు. నేలటికెట్టు గారడిగిన ‘తాత ఏడీ’ అన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే. తాతను గురించి చెప్పే సినిమా లేదు. తాత కాలంలో పనిచేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుంటే తాత చుట్టూ ఉన్న గాలైనా తగులుతుంది.

కృష్ణలంక:

చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. నాదొక సహాయం అడిగే పోస్టు.

మా అమ్మ మేనమామ 1950ల మధ్యలో మద్రాసులో ఒక సాంఘిక చిత్రానికి దర్శకత్వం వహించారు. అదొక్కటే. ఆడలేదు. తర్వాత ఊరికొచ్చి పొలం చూసుకున్నారు, ఆ మాట ఎత్తనిచ్చేవారు కాదు. పేరు రాయను, ఇంట్లో పెద్దవాళ్లకు ఇష్టం లేదు. ఇన్నేళ్లకు నేనూ మా తమ్ముడూ ఆయన మీద చిన్న డాక్యుమెంటరీ తీద్దామనుకుంటున్నాం.

సినిమా ఎక్కడా లేదు. మా దగ్గరున్నవి: పాటల పుస్తకం, ఒక గ్రామఫోన్ రికార్డు, మూడు స్టిల్సు. అటక మీది ట్రంకు పెట్టెలో రేకు డబ్బా ఒకటి. తుప్పు పట్టింది. మూత కొంచెం లేస్తే ఘాటైన పులిసిన వాసన వచ్చి మళ్లీ మూసేశాం.

షూటింగు చూసిన మనిషి ఒక్కరే బతికి ఉన్నారు, మా పెద్దమ్మ. అప్పుడు ఆవిడకు పన్నెండేళ్లు. మేనమామ దగ్గర మద్రాసులో ఉండి చదువుకునేది.

పాటల పుస్తకంలో కథ సగంలో ఆగిపోయింది. “తరువాత ఏమి జరిగినదో వెండితెరపై చూడుడు” అని ఉంది. చూడటానికి వెండితెర లేదు.

పాటలపుస్తకం:

కృష్ణలంక గారూ, ఆ చివరి రెండు వాక్యాలు చదివి చాలాసేపు అలా ఉండిపోయాను. నా దగ్గర ఉన్న పుస్తకాల్లో సగానికి పైగా అలాగే ఆగిపోతాయి. హాలుకు రప్పించడానికి అప్పట్లో అందరూ వేసిన ఎత్తే అది. సినిమా పోతే మొదట పోయేది ముగింపే.

మీ పెద్దమ్మగారికి ముగింపు తెలిసే ఉంటుంది. లీ బున్ యీమ్ చేసింది అదే కదా, కెమెరా ముందు కూర్చుని పోయిన సినిమాను నోటితో ఆడించాడు. ఆవిడ చేత చెప్పించండి.

ల్యాబ్ మనిషి:

మద్రాసులో ప్రాసెసింగ్ ల్యాబుల్లో పనిచేసి రిటైరయ్యాను. కృష్ణలంక గారికి డబ్బా సంగతి.

ముందుగా, ఆ డబ్బాను పొయ్యి ఉన్న గది నుంచి, దేవుడి గది నుంచి దూరంగా పెట్టండి. దాని దగ్గర అగ్గిపుల్ల గీయకండి. 1950ల మొదట్లో కొడాక్ నైట్రేటు ఫిల్ము ఆపేసింది గానీ మిగిలిన సరుకు కొంతకాలం వాడుకలో ఉంది. మీ సినిమా కాలానికి ఏదైనా కావచ్చు. నైట్రేటు అంటుకుంటే నీళ్లకూ ఆరదు. పుణెలో 2003 జనవరిలో నైట్రేటు నిల్వలు అంటుకుని ఎన్నో పాత చిత్రాలు బూడిదయ్యాయి.

అయితే మీరు చెప్పిన వాసన ధైర్యమిస్తోంది. వెనిగర్ లాంటి పులిసిన ఘాటు అసిటేటు ఫిల్ము చెడుతున్నప్పుడు వస్తుంది. అది నైట్రేటులా భగ్గుమనే రకం కాదు. నిర్ధారణకు, గాలాడే చోట, పగటి వెలుతురులో, చేతికి నూలు తొడుగు వేసుకుని మూత తీసి, పైచుట్టు అంచు చూడండి. ఇంగ్లీషు అక్షరాల్లో ‘సేఫ్టీ’ అని ఉంటే అసిటేటే. వెడల్పు 16 మి.మీ. అయితే ఆ ప్రశ్నే లేదు, ఆ సైజులో నైట్రేటు వాడలేదు.

చుట్ట విప్పకండి. పొరలు అంటుకుని ఉంటే ఎమల్షన్ ఊడొస్తుంది, బొమ్మ పోయినట్టే. ఎండలో పెట్టకండి. తుడవకండి. ఎవరైనా పాత ప్రొజెక్టరు ఉంది, వేసి చూద్దాం అంటే ఒప్పుకోవద్దు. ఫిల్ము కుంచించుకుపోయి ఉంటుంది, పళ్లు రంధ్రాల్లో కూర్చోవు, చీరేస్తాయి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టవద్దు, ఆ ఆవిరి లోపలే తిరిగి ఇంకా త్వరగా తినేస్తుంది. వేరే ఫిల్ములుంటే దీనికి దూరంగా ఉంచండి, ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతుంది. ఇంట్లో చల్లగా, పొడిగా ఉండే చోటు చూసి పెట్టండి.

తర్వాత పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు రాయండి. 1964లో పెట్టారు, 2022లో ఎన్.ఎఫ్.డి.సి. (జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ)లో కలిపారు గానీ పని అదే. బొంబాయిలో 2014 నుంచి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఉంది, వాళ్లనూ అడగొచ్చు. ఫిల్ము భద్రపరచడానికి ఇచ్చినంత మాత్రాన హక్కులు పోవు, ఆ మాట కాగితం మీద రాయించుకోండి.

35 మి.మీ. వెయ్యి అడుగుల చుట్ట అయితే పదకొండు నిమిషాల సినిమా. మొత్తం సినిమా దొరికిందని ఇంట్లో ఎవరికీ ఆశ పెట్టకండి. అసలు అది ఆ సినిమాయో, ఎవరి పెళ్లి ఫిల్మో కూడా చూస్తే గానీ తెలియదు.

కృష్ణలంక:

ల్యాబ్ మనిషి గారికి నమస్కారాలు. మీరు చెప్పినట్టే చూశాం. వెడల్పాటి ఫిల్మే, అంచున సేఫ్టీ అని ఉంది. పైచుట్టు అంచులు వంకర తిరిగాయి, బొమ్మ కనపడలేదు. మూసి, కింద గదిలో పెట్టాం. పుణెకు ఉత్తరం రాస్తున్నాం.

పెద్దమ్మ మాత్రం మాట్లాడనంటోంది. “ఆయన బతికుండగా ఎత్తని మాట ఇప్పుడెందుకురా” అంటుంది. మా తమ్ముడు కెమెరా పెట్టి అడిగేద్దాం, మొహమాటపడి చెబుతుందంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు.

నేలటికెట్టు:

మీ తమ్ముడి తొందర నాకు అర్థమవుతుంది. మీ మేనమామ తాతగారు సినిమాలో ఉండి తీరాలి. ఆయన ఎందుకు ఓడిపోయారు, తిరిగొచ్చి ఎందుకు నోరు మెదపలేదు, అది లేకుండా పోస్టర్లు, పాటలతో సరిపెడితే ఆయన రెండోసారి పోయినట్టే. డేవీ చూ దగ్గర నాకు వెలితి అనిపించింది అదే, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. నెమ్మదిగా అడగండి, కానీ అడగడం మానకండి.

మెకాంగ్ తెలుగు:

అడగడానికీ గుచ్చడానికీ మధ్య గీత ఎక్కడుందో ‘గోల్డెన్ స్లంబర్స్’లో చూడొచ్చు. దర్శకుడు ఇవోన్ హెమ్ భార్యాబిడ్డల్ని ఖ్మేర్ రూజ్ కాలంలోనే పోగొట్టుకున్నాడు. ఇంకో దర్శకుడు లీ యూ స్రియాంగ్ పారిస్ చేరి ట్యాక్సీ నడుపుకున్నాడు. నటి డీ సావెత్ ఫ్రాన్సులో ఏళ్లు గడిపి తిరిగొచ్చింది. వీళ్లెవర్నీ ఆ కుర్రవాడు ‘అప్పుడు మీకెలా అనిపించింది’ అని నిలదీయడు. సినిమా గురించి అడుగుతాడు. ఏ కెమెరా, ఏ ట్రిక్కు, ఏ పాట. అవి చెబుతూ చెబుతూ వాళ్లంతట వాళ్లే మిగతా చోటుకి వెళ్తారు. వెళ్లకపోతే ఊరుకుంటాడు. ఇవోన్ హెమ్ 2012లో పోయారు. డేవీ చూ ఇంకో రెండేళ్లు ఆగి ఉంటే ఆ మనిషి ముఖం, గొంతు మనకు దక్కేవి కావు.

గోదారిగట్టు:

మెకాంగ్ తెలుగు గారి మాటకు నాదొక ముక్క కలుపుతాను. పెద్దమ్మగారిని మేనమామ గురించి అడగకండి. ఆవిడ గురించి అడగండి. పన్నెండేళ్ల పిల్ల మద్రాసులో ఏ వీధిలో ఉంది, బడికి ఎలా వెళ్లేది, సెట్టు మీద మధ్యాహ్నం ఏం పెట్టేవారు, హీరోయిన్ తనతో మాట్లాడిందా, ఆ రికార్డు మొదట విన్నది ఎవరింట్లో. మేనమామ ఓటమి ఆవిడది కాదు, కాబట్టి దాని గురించి నోరు విప్పడం నమ్మకద్రోహమనిపిస్తుంది. తన చిన్నతనం తనదే కదా.

కెమెరా మొదటి రోజే వద్దు. ముందు ఆ రికార్డు వినిపించండి.

బయోస్కోప్:

రికార్డు మాట వచ్చింది కాబట్టి: పాత గ్రామఫోన్ మీద మొద్దు ముల్లుతో వేయకండి, గాడి అరిగిపోతుంది. 78 వేగంతో తిరిగే టర్న్‌టేబులు, దానికి తగిన వెడల్పు ముల్లు ఉన్నవాళ్ల దగ్గర ఒకసారి డిజిటల్ చేయించి, ఆ కాపీ వినిపించండి. ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు ఉంటుంది. 1950ల మధ్యలో విడుదలైన సినిమాకూ, రికార్డుకూ 60 ఏళ్ల కాపీరైటు గడువు దాటింది. సాహిత్యానికి మాత్రం కవి పోయాక 60 ఏళ్లు, సంగీతానికీ అంతే. డాక్యుమెంటరీలో వాడే ముందు ఆ సంగతి చూసుకోండి.

కృష్ణలంక:

అందరికీ కృతజ్ఞతలు. బెజవాడలోనే ఒకాయన రికార్డు డిజిటల్ చేసిచ్చారు. గీతలున్నాయి గానీ గొంతు తెలుస్తోంది.

పెద్దమ్మకు వినిపించాం. కెమెరా పెట్టలేదు. రెండో చరణం దగ్గర, “ఇక్కడ ఉయ్యాల చూపిస్తాడు, ఆ ఉయ్యాల మా ఇంటిదే, షూటింగుకని పట్టుకెళ్లారు” అంది. తర్వాత గంటకు పైగా మాట్లాడింది. సినిమా చివర ఏమవుతుందో కూడా చెప్పింది. అది ఇక్కడ రాయను, ఆవిడ నోటితోనే రావాలి. వచ్చే వారం రికార్డు చేసుకోవడానికి ఒప్పుకుంది, తమ్ముడు గదిలో ఉండకూడదన్న షరతు మీద. వాడు తొందరపెడతాడట.

నాకు కెమెరా సరిగా రాదు. ఫోనుతో తీస్తే సరిపోతుందా?

ల్యాబ్ మనిషి:

బొమ్మకు ఫోను చాలు. మాటకు చాలదు. కాలరుకు తగిలించే చిన్న మైకు కొనండి, లేదా అరువు తెచ్చుకోండి. ఫ్యాను ఆపండి, ఫ్రిజ్ ఉన్న గది వద్దు, కిటికీ వెలుతురు ఆవిడ ముఖానికి పక్కనుంచి పడేలా కూర్చోబెట్టండి. ఫోనును దేనికైనా ఆనించి కదలకుండా పెట్టి, మీరు దాని పక్కనే కూర్చోండి, ఆవిడ మిమ్మల్ని చూసి మాట్లాడుతుంది. స్టిల్సు చేతికివ్వండి, ఎవరెవరో పేర్లు చెప్పించండి, తర్వాత చెప్పేవాళ్లు దొరకరు. అలిసిపోతే ఆపేసి మర్నాడు తీయండి. అయిపోయాక ఆ ఫైలు రెండు చోట్ల దాచండి.

పుణె నుంచి జవాబు వస్తే ఇక్కడ రాయండి, ఏం అడిగారో చెబితే ఆ వివరాలు ఎలా చూడాలో చెబుతాను.